వడ్ల లెక్క నుంచి పెన్‌డ్రైవ్ దాకా: సమాచారంలో పొరపాటును ఎలా పట్టాలి, ఎలా దిద్దాలి

మా మిర్యాలగూడ వైపు కల్లాల్లో వడ్లను కుంచంతో కొలిచిన రోజుల్లో, కొలిచే మనిషి మొదటి కుంచానికి ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. కుంచం నిండి, బస్తాలో పడి, మళ్లీ రాశిలో మునిగే దాకా లాభం, లాభం, లాభం అని రాగం తీస్తూ అదే మాటను పలుకుతూ ఉండేవాడు. ఆ తరువాత రెండు, రెండు, రెండు. ఒకటిని లాభం అనడం శుభం కోసమని అందరికీ తెలుసు, కానీ అదే సంఖ్యను అన్నిసార్లు పలకడంలో ఉన్న ప్రయోజనం వేరు. పక్కన కూర్చున్న రైతు ఒకసారి వినకపోయినా రెండోసారి వింటాడు, ఎవరో పలకరించి కొలిచేవాడి ధ్యాస మళ్లినా నోట్లో ఆడుతున్న సంఖ్య జారిపోదు. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువ చెప్పడం వల్లనే లెక్క నిలబడింది. ఈ రోజు ఉపగ్రహం నుంచి వచ్చే బొమ్మకైనా, మీ కంప్యూటర్‌లోని జ్ఞాపకశక్తికైనా, పొరపాటును పట్టి దిద్దే పద్ధతులన్నీ ఆ కొంచెం ఎక్కువ మీదనే ఆధారపడి ఉన్నాయి.

కొనుగోలు కేంద్రాలకు, బత్తాయి రైతుల సంఘాలకు లెక్కలను కంప్యూటర్‌లో ఎక్కించే పనిలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. మన జిల్లాల్లో ఇదే పని చేస్తున్న యువతీయువకులు వందల మంది ఉన్నారు. వాళ్లు ఎక్కించే ప్రతి అంకె వెనుక ఒక రైతు డబ్బు ఉంటుంది కాబట్టి, నేను నేర్చుకున్న క్రమాన్ని చేతితో చేసి చూడగలిగే ఉదాహరణలతో ఇక్కడ రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది: పట్టుకుంటే చాలా, దిద్దాలా?

పొరపాటును పట్టడం ఒక పని, దిద్దడం మరొక పని. పట్టడానికి తక్కువ అదనపు సమాచారం సరిపోతుంది, దిద్దడానికి ఎక్కువ కావాలి. మీకు ఏది అవసరమో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: పంపినవాడిని మళ్లీ అడిగే వీలుందా? ఇంటర్నెట్‌లో మీరు ఒక ఫైలును దింపుకునేటప్పుడు అది చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది, ప్రతి పొట్లంతో పాటు దానిని సరిచూసే సంఖ్య కూడా వస్తుంది, సంఖ్య కుదరని పొట్లాన్ని పారేసి మీ కంప్యూటర్ దానిని మళ్లీ తెప్పించుకుంటుంది. అక్కడ పట్టడం చాలు. అదే మీ డాబా మీది టీవీ డిష్ విషయంలో అలా కుదరదు, అది ఉపగ్రహాన్ని ఆ ముక్క మళ్లీ పంపమని అడగలేదు. అందుకే ఆ ప్రసారంలో దిద్దుకోవడానికి సరిపడా అదనపు సమాచారాన్ని ముందే కలిపి పంపుతారు. చినుకులు పడుతున్నా బొమ్మ చెక్కు చెదరకుండా ఉండి, వాన ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోవడాన్ని మీరు చూసే ఉంటారు. ఆ హద్దు వరకు దిద్దుబాటు పని చేసింది, అక్కడి నుంచి దాని శక్తి చాలలేదు.

దాచిపెట్టిన సమాచారం కూడా డిష్ లాంటిదేనని నా అభిప్రాయం. ఈ రోజు మీరు హార్డ్‌డిస్క్‌లో పెట్టిన పాసుపుస్తకం స్కాన్, పదేళ్ల తరువాత దానిని తెరవబోయే మనిషికి మీరు పంపిన ఉత్తరం. ఫైలు చదవడానికి రాకపోతే అతను వెనక్కి వచ్చి మిమ్మల్ని అడగలేడు. కాబట్టి మళ్లీ అడిగే వీలున్న పంపకానికి పట్టడం, దాచిపెట్టేదానికి దిద్దడం అని మొదటే గుర్తు పెట్టుకుంటే మిగిలిన నిర్ణయాలు సులువవుతాయి.

మొదటి మెట్టు: ఫోనులో సంఖ్య చెప్పేటప్పుడు

కంప్యూటర్ దాకా వెళ్లకముందే జరిగే పొరపాట్లు ఎక్కువ. ఫోనులో గాలి హోరుండగా ఇర్వై, అర్వై ఒకేలా వినపడతాయి. యాబై, ఎన్బై కూడా అంతే. కాబట్టి సంఖ్యలను పదులుగా, వందలుగా కాకుండా ఒక్కొక్క అంకెగా చెప్పండి: అరవై రెండు అనడానికి బదులు ఆరు, రెండు. అవతలివాళ్లను అదే వరుసలో తిరిగి చదవమని అడగండి. సరే, రాసుకున్నా అన్న జవాబు సరిపోదు, ఎందుకంటే తప్పుగా విన్నవాళ్లు కూడా అంతే ధైర్యంగా ఆ మాట అంటారు.

బ్యాంకు ఖాతా సంఖ్యను రెండుసార్లు టైపు చేయమని అడిగేది కూడా ఇందుకే. అయితే రెండోసారి తెర మీద మొదట కొట్టిన సంఖ్యను చూసి కొడితే ఆ కష్టమంతా వృథా, మళ్లీ పాసుపుస్తకం చూసే కొట్టాలి. సరిచూసే సమాచారం ఎప్పుడూ మూలం నుంచే రావాలి. ఈ మాటను నేను ముందు ముందు చాలాసార్లు గుర్తు చేస్తాను, ఎందుకంటే నేను చూసిన పొరపాట్లలో సగానికి పైగా దీనిని మరచినందువల్లే జరిగాయి.

రెండో మెట్టు: సభ్యుల సంఖ్యకు సరిచూపు అంకె చేర్చడం

మీ సంఘంలో ప్రతి రైతుకూ ఒక సంఖ్య ఇస్తున్నారనుకుందాం. ఆ సంఖ్య చివర ఒక అంకెను లెక్కగట్టి చేరిస్తే, తరువాత ఎవరు తప్పుగా రాసినా ఆ సంఖ్యే తన తప్పును బయటపెడుతుంది. ఐబీఎంలో పని చేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు దరఖాస్తు చేసిన పద్ధతి ఇప్పటికీ బ్యాంకు కార్డుల సంఖ్యలలో ఉంది, మీ సంఘానికీ అది సరిపోతుంది.

2473 అనే సంఖ్యను తీసుకోండి. కుడి చివరి నుంచి మొదలుపెట్టి ఒక అంకెను రెట్టింపు చేయాలి, దాని పక్క అంకెను అలాగే ఉంచాలి, మళ్లీ తరువాతి అంకెను రెట్టింపు చేయాలి. 3 రెట్టింపు 6, 7 అలాగే 7, 4 రెట్టింపు 8, 2 అలాగే 2. రెట్టింపు చేసినప్పుడు 9 దాటితే 9 తీసేయాలి, ఇక్కడ ఆ అవసరం రాలేదు. మొత్తం 23. దీనిని పై పదికి, అంటే 30కి, చేర్చడానికి 7 కావాలి కాబట్టి సరిచూపు అంకె 7. రైతుకు ఇచ్చే సంఖ్య 24737.

ఇప్పుడు ఎవరో దీనిని 27437 అని రాశారనుకోండి. మళ్లీ లెక్క కట్టండి: 3 రెట్టింపు 6, 4 అలాగే 4, 7 రెట్టింపు 14, అందులోంచి 9 తీసేస్తే 5, 2 అలాగే 2. మొత్తం 17, కావలసిన సరిచూపు అంకె 3, కానీ కాగితం మీద 7 ఉంది. తప్పు అక్కడికక్కడే దొరికింది. ఒక్క అంకె మారితే ఈ పద్ధతి దానిని తప్పకుండా పట్టుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టుకుంటుంది, ఒక్క 09 స్థానంలో 90, 90 స్థానంలో 09 వచ్చినప్పుడు తప్ప. ఆ లోపం కూడా లేని పద్ధతిని డచ్ గణితవేత్త వెర్హోఫ్ 1969లో ప్రకటించాడు, మన ఆధార్ సంఖ్యలోని 12వ అంకెను ఆ పద్ధతిలోనే లెక్కగడతారు. మిల్లుల వాళ్లు రోజూ రాసే 15 అక్షరాల జీఎస్‌టీ సంఖ్యలో కూడా చివరి అక్షరం సరిచూపు కోసం ఉన్నదే.

ఎక్సెల్‌లో ఈ లెక్కను ఒక్కసారి సూత్రంగా రాసి పెట్టుకుంటే, సంఖ్య తప్పుగా పడగానే గడి ఎర్రగా మారేలా చేసుకోవచ్చు. అయితే సరిచూపు అంకెను సంఖ్య కేటాయించే రోజునే, కార్డు మీద అచ్చు వేయకముందే చేర్చాలి. పాత రిజిస్టరులోని సంఖ్యలకు ఇప్పుడు చేర్చితే, అప్పటికే అందులో ఉన్న తప్పులకు కూడా మీరు సరైనవని ముద్ర వేసినట్టే అవుతుంది.

మూడో మెట్టు: పట్టికకు అడ్డం, నిలువు మొత్తాలు

ఇది నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి, ఎందుకంటే ఏ యంత్రమూ అవసరం లేకుండా ఇది తప్పును పట్టడమే కాక దిద్దుతుంది కూడా. ఒక కేంద్రంలో మూడు రోజుల్లో మూడు రకాల వడ్లు వచ్చాయనుకోండి. మొదటి రోజు 54, 38, 61 బస్తాలు, రెండో రోజు 47, 29, 52, మూడో రోజు 63, 45, 36. అడ్డం మొత్తాలు వరుసగా 153, 128, 144. నిలువు మొత్తాలు 164, 112, 149. అడ్డం మొత్తాలను కూడినా, నిలువు మొత్తాలను కూడినా 425 రావాలి, వచ్చింది. ఈ పట్టికను మొత్తాలతో సహా పంపండి.

అందుకున్నవాళ్ల దగ్గర రెండో రోజు మొదటి గడిలో 47 బదులు 74 పడిందనుకుందాం. వాళ్లు కూడి చూస్తే రెండో అడ్డు వరుస 155 వస్తుంది, పక్కన మాత్రం 128 అని ఉంటుంది. మొదటి నిలువు వరుస 191 వస్తుంది, కింద 164 అని ఉంటుంది. కుదరని అడ్డు వరుస, కుదరని నిలువు వరుస కలిసే గడి ఒక్కటే, తప్పు అక్కడే ఉంది. రెండు చోట్లా తేడా 27, కాబట్టి 74లోంచి 27 తీసేస్తే 47. ఎవరికీ ఫోను చేయకుండానే పట్టిక బాగైంది. అడ్డు వరుస మాత్రమే కుదరక, నిలువు వరుసలన్నీ కుదిరితే, గడులలో తప్పు లేదు, ఆ అడ్డు వరుస మొత్తాన్ని రాయడంలోనే తప్పు జరిగింది. ఈ పద్ధతికీ హద్దు ఉంది: రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు కలిసే నాలుగు గడులలో తప్పులు ఒకదానినొకటి కొట్టేసుకునేలా పడితే ఇది గుర్తించలేదు. అటువంటిది అనుకోకుండా జరగడం చాలా అరుదు.

తేడా 27 రావడంలో ఇంకొక సంగతి దాగి ఉంది. ఒక వానాకాలం పంట కొనుగోలు ముగింపు రోజున, నేను లెక్కలు చూస్తున్న ఒక కేంద్రంలో లారీ చిట్టీల ప్రకారం 1,236 బస్తాలు పోయాయి, మా రిజిస్టరులో మాత్రం 1,227 ఉన్నాయి. ఎవరో ఒక రైతు 9 బస్తాల డబ్బు నష్టపోతాడన్నమాట. అప్పట్లో మేము అడ్డం మొత్తాలు వేసేవాళ్లం కాదు. ముగ్గురం కూర్చుని ఒక్కో పేరు చదువుకుంటూ రాత్రి పదకొండు దాకా వెతికాం. అప్పుడు అక్కడికి వచ్చిన ఒక పాత గుమాస్తా తాత, తేడా ఎంత అని అడిగి, తొమ్మిది అని చెప్పగానే, "అయితే అంకెలు అటిటు అయినయ్ బిడ్డా, నలబై అయిదు, యాబై నాలుగు అసొంటివి సూడుండ్రి" అన్నాడు. పది నిమిషాల్లో దొరికింది: ఒక రైతు 54 బస్తాలు 45గా ఎక్కాయి.

రెండు పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. భాగించగా వచ్చినది ఆ రెండు అంకెల మధ్య తేడా: 9 వస్తే ఒక్కటి తేడా ఉన్న అంకెలు, 27 వస్తే మూడు తేడా ఉన్నవి, పై ఉదాహరణలోని 7, 4 లాగా. తేడా 90 వస్తే పదుల, వందల స్థానాలలో వెతకండి. 450ని 45గా రాసినా తేడా 9తో భాగింపబడుతుంది కాబట్టి, జారిపోయిన సున్నాల కోసం కూడా చూడాలి. తేడా సరి సంఖ్య అయి, దానిలో సగం విలువ గల పద్దు ఒకటి కనిపిస్తే, ఆ పద్దు జమకు బదులు ఖర్చులో పడిందేమో చూడండి.

నాలుగో మెట్టు: యంత్రం లోపల ఇదే పని ఎలా జరుగుతుందో చేతితో చేసి చూడండి

కంప్యూటర్‌లో ఉన్నవన్నీ 1, 0 మాత్రమే కాబట్టి అక్కడ మొత్తాలకు బదులు సరి, బేసి చూస్తే చాలు. ఒక వరుసలోని ఒకట్ల లెక్క సరి సంఖ్య అయ్యేలా చివర ఒక 1నో 0నో చేర్చడాన్ని పారిటీ అంటారు. ఏదైనా ఒక బిట్, అంటే ఒక 1 లేదా 0, తిరగబడితే లెక్క బేసి అయి తప్పు తెలుస్తుంది, కానీ ఎక్కడ తిరగబడిందో తెలియదు, రెండు బిట్లు తిరగబడితే అసలు తెలియనే తెలియదు.

అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పని చేసిన రిచర్డ్ హామింగ్‌కు ఈ అరకొర జ్ఞానం మీదే పట్టుదల పుట్టింది. వారాంతాల్లో ఎవరూ లేనప్పుడు అక్కడి రిలే కంప్యూటర్ (విద్యుత్ స్విచ్చులతో నడిచే పాతకాలం యంత్రం) అతని లెక్కలో పొరపాటు జరిగిందని గుర్తించగానే, ఆ లెక్కను వదిలేసి తరువాతి పనికి వెళ్లిపోయేది. తప్పు జరిగిందని తెలుసుకోగలిగిన యంత్రం, అది ఎక్కడ జరిగిందో తెలుసుకుని ఎందుకు దిద్దుకోకూడదని అతను ఆలోచించాడు. 1950లో ప్రకటించిన అతని పద్ధతి ఎంత సున్నితంగా ఉంటుందో ఒక కాగితం మీద చూడండి.

ఏడు గడులు గీసి 1 నుంచి 7 వరకు వాటికి సంఖ్యలు వేయండి. 1, 2, 4 గడులు సరిచూపు కోసం వదిలి, మిగిలిన 3, 5, 6, 7 గడులలో మీ సమాచారం రాయండి. 1011 అనుకుందాం: 3లో 1, 5లో 0, 6లో 1, 7లో 1. ఇప్పుడు మొదటి గడి 1, 3, 5, 7 గడులను కాపాడుతుంది. వాటిలో ఒకట్లు ఇప్పటికే రెండు, సరి, కాబట్టి 1వ గడిలో 0. రెండో గడి 2, 3, 6, 7లను కాపాడుతుంది. వాటిలో ఒకట్లు మూడు, బేసి, కాబట్టి 2వ గడిలో 1. నాలుగో గడి 4, 5, 6, 7లను కాపాడుతుంది. ఒకట్లు రెండు, కాబట్టి 4వ గడిలో 0. మీ వరుస 0110011 అయింది.

ఇక పక్కనున్నవాళ్లను మీకు చూపకుండా ఒక గడిని తిరగేయమనండి. వాళ్లు 6వ గడిని మార్చితే మీకు వచ్చేది 0110001. మూడు బృందాలనూ చూడండి. 1, 3, 5, 7లలో ఒకట్లు రెండు, బాగుంది. 2, 3, 6, 7లలో మూడు, చెడింది. 4, 5, 6, 7లలో ఒకటి, చెడింది. చెడిన బృందాల సంఖ్యలు 2, 4. రెండూ కూడితే 6. తప్పు జరిగిన గడి సంఖ్య తనంతట తానే బయటికి వచ్చింది, 0ని 1గా తిప్పితే పని పూర్తయింది. మొదటిసారి దీనిని చేతితో చేసి చూసిన రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు. మీరు కూడా ఒక్కో గడిని మార్చుతూ ఏడుసార్లూ చేసి చూడండి.

రెండు గడులు ఒకేసారి చెడితే ఇది మూడో గడిని తప్పుగా దిద్దుతుంది. దానిని కనీసం పట్టడానికి మొత్తం వరుసకు మరొక పారిటీ బిట్ చేరుస్తారు. సర్వర్లలో వాడే, తప్పును తానే దిద్దుకునే ఈసీసీ మెమరీలో ప్రతి 64 బిట్లకు 8 బిట్లు అదనంగా ఉండేది ఇందుకే: ఒక తప్పును దిద్దుతుంది, రెండింటిని పడుతుంది. మీ సంఘం లెక్కలన్నీ ఒకే కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి నడుస్తున్నట్లయితే, తరువాతిది కొనేటప్పుడు ఈ మెమరీ ఉన్నదాని కోసం కొంచెం ఎక్కువ పెట్టడం మంచిదే, కానీ ముందు యూపీఎస్ కొనండి. రాస్తున్న మధ్యలో కరెంటు పోయి చెడిన ఫైళ్లే నాకు ఎక్కువగా ఎదురయ్యాయి.

ఐదో మెట్టు: ఫైలు పంపేటప్పుడు వేలిముద్ర తీయడం

ఒక ఫైలు మొత్తాన్ని నమిలి, ఒక నిర్దిష్టమైన పొడవు గల సంఖ్యగా ఇచ్చే లెక్కలు ఉన్నాయి, ఆ సంఖ్యే ఫైలుకు వేలిముద్ర. జిప్ ఫైలు లోపల ప్రతి ఫైలుకూ సీఆర్‌సీ-32 అనే 32 బిట్ల సంఖ్య ఉంటుంది. వరుసగా 32 బిట్ల పొడవు లోపల ఎన్ని చెడినా దానికి తప్పకుండా దొరుకుతాయి. పెద్ద పనికి ఎస్‌హెచ్‌ఏ-256 వాడండి. అది ఏ ఫైలుకైనా 64 అక్షరాల వేలిముద్ర ఇస్తుంది, ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ వేలిముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

చేసే విధానం ఇది. విండోస్‌లో 7-జిప్ అనే ప్రోగ్రాం పెట్టుకుంటే, ఫైలు మీద కుడి క్లిక్ చేసినప్పుడు వచ్చే జాబితాలో సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అనే వరుస ఉంటుంది, అందులో ఎస్‌హెచ్‌ఏ-256 ఎంచుకోండి. వచ్చిన వేలిముద్రను ఒక నోట్‌ప్యాడ్ ఫైలులో, ఫైలు పేరు, తేదీలతో పాటు దాచండి. తరువాతే పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయండి. అవతలివాళ్లు తమ కంప్యూటర్‌లో అదే లెక్క చేసి, మీరు పంపిన వేలిముద్రతో పోల్చాలి. ఫోనులో పోల్చితే మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది అక్షరాలు చాలు. ఎవరైనా కావాలని మార్చే ప్రమాదం ఉన్న పత్రమైతే వేలిముద్రను అదే పెన్‌డ్రైవ్‌లో కాకుండా వేరే దారిలో పంపండి, ఎందుకంటే ఫైలును మార్చినవాడు దాని పక్కనున్న వేలిముద్రనూ మార్చగలడు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. వాట్సాప్‌లో పాసుపుస్తకం ఫొటోను ఫొటోగానే పంపితే అది కుదించి పంపుతుంది, కాబట్టి వేలిముద్ర కలవదు. అది దారిలో జరిగిన పొరపాటు కాదు, కావాలని చేసిన మార్పు, అయినా మసకబారిన సర్వే నంబరులో 3 కాస్తా 8లా కనిపించడానికి అది చాలు. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టుగా చేరుతుంది. అలాగే పెన్‌డ్రైవ్‌కు కాపీ అయిపోయిందని తెర మీద కనపడగానే లాగేయకండి. కొంత భాగం ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండవచ్చు. సురక్షితంగా తొలగించే ఆదేశం ఇచ్చి, సరేనన్నాకే తీయండి. తీసి, మళ్లీ పెట్టి, అప్పుడు పెన్‌డ్రైవ్‌లోని ఫైలుకు వేలిముద్ర తీసి పోల్చండి. తీయకుండా పోల్చితే కంప్యూటర్ తన మెమరీలో ఉన్న మంచి ప్రతినే చదివి సరిపోయిందని చెప్పే అవకాశం ఉంది.

ఆరో మెట్టు: బత్తాయి పెట్టెల మీద క్యూఆర్ కోడు

టీ కొట్లో నూనె మరకలు పడి, మూల చిరిగిన క్యూఆర్ కోడు కూడా ఫోనుకు చదవడానికి వస్తుంది. జపాన్‌లో డెన్సో వేవ్ సంస్థ 1994లో తయారు చేసిన ఈ కోడులో, ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు 1960లో ప్రకటించిన దిద్దుబాటు పద్ధతి ఉంది. సీడీ మీద గీతలు పడినా పాట ఆగకుండా వచ్చేది కూడా ఆ పద్ధతి వల్లనే. క్యూఆర్‌లో నాలుగు స్థాయిలు ఉంటాయి: సుమారు 7, 15, 25, 30 శాతం వరకు చెడినా కోలుకునేవి. నల్లగొండ నుంచి లారీలో దూరపు మార్కెట్లకు వెళ్లే పెట్టెల మీద అంటించే చీటీలకు చివరిదైన 30 శాతం స్థాయినే ఎంచుకోండి, గళ్లు కొంచెం పెరుగుతాయి, అంతే. చుట్టూ నాలుగు గళ్ల వెడల్పున తెల్లటి ఖాళీ వదలండి. మూడు మూలల్లోని పెద్ద చతురస్రాలు చెడితే ఫోను అసలు కోడునే గుర్తుపట్టలేదు కాబట్టి టేపు, ముడతలు అక్కడ పడకుండా చూడండి. అచ్చు వేయించాక ఒక చీటీ మీద మధ్యలో బొటనవేలు పెట్టి చదివించి చూసి, అప్పుడే మిగిలినవి వేయించండి.

ఏడో మెట్టు: దాచిన ఫైళ్లను ఏళ్ల తరబడి కాపాడటం

మన దగ్గర మే నెలలో మూసిన గదిలో బీరువాలో పెట్టిన పెన్‌డ్రైవ్ ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో, హార్డ్‌డిస్క్ బదులు వాడే ఎస్‌ఎస్‌డీలో సమాచారం విద్యుదావేశంగా నిలుస్తుంది. కరెంటు లేకుండా చాలాకాలం పడి ఉంటే అది మెల్లగా కారిపోతుంది, వేడి ఆ కారడాన్ని త్వరపరుస్తుంది. అందుకని పెన్‌డ్రైవ్‌ను మోసుకెళ్లడానికే వాడండి, దాచడానికి వద్దు. ముఖ్యమైన ఫైళ్లకు మూడు ప్రతులు ఉంచండి, రెండు వేర్వేరు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి వేరే ఊళ్లో. సంఘం కార్యాలయం దేవరకొండలో ఉంటే ఒక ప్రతి హాలియాలోనో నల్లగొండలోనో ఉండాలి.

ప్రతుల సంఖ్య ఒక్కటే చాలదు, ఏ ప్రతి బాగుందో చెప్పే సాక్ష్యం కూడా కావాలి. రెండు ప్రతులు తేడాగా ఉంటే ఏది నిజమో ఐదో మెట్టులో తీసి పెట్టిన వేలిముద్రే చెప్పగలదు. కాబట్టి ప్రతి సీజను ముగిశాక ఆ సీజను ఫైళ్లకు వేలిముద్రల జాబితా తీసి, ఒక కాపీ అచ్చు వేసి ఫైలులో గుచ్చండి.

ఒక ప్రతి చెడినప్పుడు దానిలోంచే కోలుకోవాలంటే దిద్దుబాటు సమాచారం కలపాలి. విన్‌రార్‌లో ఫైళ్లను సంచయంగా, అంటే జిప్ లాంటి ఒకే కట్టగా, చేసేటప్పుడు రికవరీ రికార్డ్ చేర్చమనే గడి ఉంటుంది, దానిని టిక్ చేసి పది శాతం దాకా ఇవ్వండి. ఉచితంగా దొరికే మల్టీపార్ అనే ప్రోగ్రాం ఫైళ్లను ముట్టుకోకుండా పక్కన దిద్దుబాటు ఫైళ్లు తయారు చేస్తుంది. నేను రెండోదాన్నే వాడతాను, ఎందుకంటే ఆ ప్రోగ్రాం లేని కంప్యూటర్‌లో కూడా అసలు ఫైళ్లు మామూలుగా తెరుచుకుంటాయి. రెండు డిస్కుల సమాచారం నుంచి మూడో డిస్కులో పారిటీ రాసే రెయిడ్ పెట్టె ఉంటే, ఏ ఒక్క డిస్కు పోయినా మిగిలిన రెండింటి నుంచి తిరిగి వస్తుంది: ఒకదానిలో 1, రెండోదానిలో 0 ఉంటే మూడోదానిలో 1, మొదటిది పోయినా 0, 1ల నుంచి లెక్క సరి కావాలంటే అక్కడ 1 ఉండాలని తెలుస్తుంది. అయితే మీరు పొరపాటున చెరిపేసిన ఫైలును రెయిడ్ కాపాడదు, మూడు డిస్కులలోనూ అది విధేయంగా చెరిగిపోతుంది.

ఎనిమిదో మెట్టు: వేలిముద్ర కలవనప్పుడు

ముందుగా చేతులు ఆపండి. చెడిందనుకున్న ప్రతి మీద కొత్తగా ఏదీ రాయకండి, రెండు చోట్ల ఉన్న ఫోల్డర్లను తమంతట తాము ఒకేలా మార్చే సింక్ సేవలు ఏవైనా నడుస్తుంటే ఆపేయండి, లేకపోతే చెడిన ప్రతి వెళ్లి మంచి ప్రతి మీద కూర్చుంటుంది. అదే ఫైలును మరొక కంప్యూటర్‌లో, మరొక కేబులుతో చదివి వేలిముద్ర తీయండి. ఈసారి కలిస్తే ఫైలు బాగుంది, తప్పు చదివిన దారిలో ఉంది. మళ్లీ కలవకపోతే మిగిలిన రెండు ప్రతులను పరీక్షించి, బాగున్నదాని నుంచి కొత్త పరికరం మీదికి తీసుకోండి. ఏ ప్రతీ కలవకపోతే అప్పుడు దిద్దుబాటు ఫైళ్లను ప్రయోగించండి, అది కూడా చెడిన ఫైలు కాపీ మీద. డిస్కు చప్పుడు చేస్తున్నా, చదవడానికి ఎప్పుడూ లేనంత సేపు పడుతున్నా, దానిని బాగుచేసే ఆదేశాలు ఇవ్వడానికి ముందే తీయగలిగినంత సమాచారాన్ని బయటికి తీసుకోండి, ఆ ఆదేశాలు అలసిన డిస్కును పూర్తిగా పడగొట్టిన సందర్భాలు ఉన్నాయి.

దిద్దిన తరువాత ఏ తేదీన, ఏ ఫైలులో, ఏమి తేడా కనిపించింది, ఏ ప్రతి నుంచి సరిచేశారు అన్నది రిజిస్టరులో రాసి సంతకం చేయండి. ఆ తరువాత సరిచేసిన ఫైలుకు మళ్లీ వేలిముద్ర తీసి, మొదటి రోజున అచ్చు వేసి గుచ్చిన జాబితాలోని 64 అక్షరాలతో ఒక్కొక్కటిగా పోల్చి, పక్కన టిక్కు పెట్టండి.